బీపీఏ లేని డబ్బా చాలదా? హార్మోన్లను చెడగొట్టే రసాయనాలను తగ్గించుకోవడానికి ఏది ఎంచుకోవాలి

"బీపీఏ లేని డబ్బాలే కొన్నాం కదా, ఇంక భయం లేదు కదా?" గట్టి ప్లాస్టిక్ తయారీలో వాడే బీపీఏ అనే రసాయనం గురించి ఈ మాట చాలామంది నోట విన్నాను. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. డబ్బా అడుగున ఆ చిన్న ముద్ర కనిపిస్తే చాలు, నిశ్చింతగా పొయ్యి మీద నుంచి దించిన వంటను వేడివేడిగా అందులోకి ఒంపేసేదాన్ని. కొన్ని నెలలకు డబ్బా లోపల పసుపు ఛాయ పట్టింది. సబ్బుతో తోమాను, వేడినీళ్లలో నానబెట్టాను, పోలేదు. గోరుతో గీరి చూస్తే అది పైన అంటుకున్న జిడ్డు కాదు, రంగు ప్లాస్టిక్ లోపలికే ఇంకిపోయింది. వంటలోది ప్లాస్టిక్‌లోకి వెళ్తుంటే, ప్లాస్టిక్‌లోది వంటలోకి రాదా అని మొదటిసారి ఆలోచించింది అప్పుడే.

ఆ ఆలోచన వెంట చాలా చదివాను. ఇంట్లో కొన్ని మార్చాను, కొన్ని మార్చనవసరం లేదని తెలుసుకున్నాను. ఎక్కడ ఏది మేలు, ఎక్కడ తేడా పెద్దగా ఉండదు అన్నది ఒకచోట పెడితే మీకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు అసలు సంగతి

థైరాయిడ్, అడ్రినల్, క్లోమం, అండాశయాలు, వృషణాలు రక్తంలోకి వదిలే సందేశాలే హార్మోన్లు. ఎదుగుదల, రజస్వల కావడం, సంతానం, బరువు, నిద్ర, కడుపులోని బిడ్డ మెదడు తయారవడం, అన్నీ వీటి చేతుల్లోనే ఉంటాయి. ఇవి పనిచేసే మోతాదు ఊహకందనంత తక్కువ. ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ లీటరు రక్తంలో పదుల నుంచి వందల నానోగ్రాముల్లో ఉంటుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. అందుకే "అంత కొంచెం రసాయనం ఏం చేస్తుందిలే" అనే మాట ఇక్కడ చెల్లదు.

కొన్ని రసాయనాలు హార్మోన్‌లా నటించి కణం తలుపు తడతాయి. కొన్ని అసలు హార్మోన్ లోపలికి రాకుండా ఆ తలుపుకు అడ్డం పడతాయి. ఇంకొన్ని హార్మోన్ తయారీనో, అది కరిగిపోయే వేగాన్నో మార్చేస్తాయి. 1991లో అమెరికాలోని వింగ్‌స్ప్రెడ్‌లో థియో కోల్‌బోర్న్ అనే శాస్త్రవేత్త చొరవతో పరిశోధకులు సమావేశమై ఈ రసాయనాలన్నిటికీ కలిపి ఎండోక్రైన్ డిస్రప్టర్లు, అంటే హార్మోన్లను చెదరగొట్టేవి, అని ఒక పేరు పెట్టారు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం, హార్మోన్లతో చెలగాటమాడతాయని తెలిసినవి, అనుమానం ఉన్నవి కలిపి 800 దాకా ఉన్నాయి. అందులో ఎక్కువ భాగాన్ని సరిగ్గా పరీక్షించనేలేదు.

ఇది ఎంత దూరం వెళ్లగలదో చూపించింది డీఈఎస్ అనే మందు. 1938లో బ్రిటన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం తయారుచేసిన కృత్రిమ ఈస్ట్రోజన్ అది. గర్భస్రావం కాకుండా ఆపుతుందని గర్భిణులకు ఏళ్ల తరబడి ఇచ్చారు. దానివల్ల ఉపయోగం లేదని 1953లోనే ఒక పెద్ద పరీక్ష తేల్చినా వాడకం ఆగలేదు. 1971లో బోస్టన్ డాక్టర్లు అతి అరుదైన యోని క్యాన్సర్ పడుచుపిల్లల్లో కనిపిస్తోందని, వాళ్ల తల్లులు గర్భంతో ఉన్నప్పుడు ఈ మందు వేసుకున్నారని బయటపెట్టారు. తల్లి వేసుకున్న మాత్ర ఫలితం కూతురికి పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత కనబడింది. ఇదే డాడ్స్ అంతకుముందు ఈస్ట్రోజన్ లక్షణాలు ఉన్నాయా అని పరీక్షించిన పదార్థాల్లో బిస్ఫినాల్-ఏ కూడా ఉంది. అదే మనం పిలుచుకునే బీపీఏ. అది మందుగా పనికిరాలేదు. 1950ల నుంచి ప్లాస్టిక్ తయారీలోకి వెళ్లింది.

ఎంపికకు నేను వాడే రెండు కొలతలు

మొదటిది, ఒంట్లో ఎంతకాలం ఉంటుంది అన్నది. బీపీఏ, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు, క్రీములు పాడవకుండా కలిపే పారాబెన్లు గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతాయి. అయినా ఎవరిని పరీక్షించినా దొరుకుతున్నాయంటే మనం రోజూ మళ్లీ మళ్లీ నింపుకుంటున్నామన్నమాట. వీటి విషయంలో అలవాటు మారిస్తే ఫలితం వెంటనే కనబడుతుంది. పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు, పాతకాలపు పురుగుమందు డీడీటీ, విద్యుత్ పరికరాల్లో వాడిన పీసీబీల వంటివి అలా కాదు. ఒకసారి చేరితే సగం తగ్గడానికే ఏళ్లు పడుతుంది. వీటిని రానివ్వకపోవడం తప్ప దారి లేదు.

రెండోది, ఏ వయసులో అన్నది. కడుపులో బిడ్డ అవయవాలు ఏర్పడే వారాలు, తొలి రెండు మూడేళ్లు, రజస్వల అయ్యే వయసు, ఈ సమయాల్లో హార్మోన్ల మాట శరీరం మీద చెరగని ముద్ర వేస్తుంది. గర్భం మొదటి సగంలో బిడ్డ మెదడుకు తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం. కాబట్టి నలభై ఏళ్ల మనిషికీ, నాలుగో నెల గర్భిణికీ ఒకే సలహా ఇవ్వకూడదు.

డబ్బాలు: ప్లాస్టిక్, గాజు, స్టీల్

ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన చేతిలో ఎక్కువగా ఉన్నది ఇదే.

గట్టిగా, గాజులా మెరిసే పాలికార్బొనేట్ ప్లాస్టిక్ బీపీఏతోనే తయారవుతుంది. పెద్ద పెద్ద నీళ్ల క్యాన్లలో చాలావరకు ఇదే. 2009లో హార్వర్డ్ పరిశోధకులు 77 మంది విద్యార్థులతో ఒక వారం పాటు చల్లటి పానీయాలను పాలికార్బొనేట్ సీసాల్లోనే తాగించారు. వాళ్ల మూత్రంలో బీపీఏ 69 శాతం పెరిగింది. వేడి తగలకుండానే అంత. వేడి, పదేపదే కడగడం, గీతలు పడటం తోడైతే ఇంకా ఎక్కువ బయటికి వస్తుంది.

దాంతో కంపెనీలు బీపీఏ తీసేసి బీపీఎస్, బీపీఎఫ్ అనే దాని చుట్టాలను వాడటం మొదలుపెట్టాయి. ఇక్కడ అమెరికా శాస్త్రవేత్త ప్యాట్రీషియా హంట్ అనుభవం చెప్పి తీరాలి. 1998లో ఆమె ల్యాబ్‌లోని ఆడ ఎలుకల అండాల్లో క్రోమోజోములు ఉన్నట్టుండి అస్తవ్యస్తంగా కనిపించాయి. వెతకగా వెతకగా తేలింది ఏమిటంటే, ఎవరో పొరపాటున ఘాటైన డిటర్జెంట్‌తో పాలికార్బొనేట్ బోనులను, నీళ్ల సీసాలను కడిగారు. ప్లాస్టిక్ దెబ్బతిని బీపీఏ కారింది. తర్వాత ఆమె బోనులను వేరే ప్లాస్టిక్‌కు మార్చారు. 2018లో మళ్లీ అలాంటి కథే బయటికి వచ్చింది. ఈసారి దెబ్బతిన్న బోనుల నుంచి వచ్చింది బీపీఎస్. ఇరవై ఏళ్ల తేడాతో అదే ల్యాబ్‌లో, అదే రకమైన చెడు. "బీపీఏ లేదు" అన్న ముద్ర నిజమే చెబుతుంది, కానీ దాని స్థానంలో ఏముందో చెప్పదు. అందుకే ఒక ప్లాస్టిక్ నుంచి ఇంకో ప్లాస్టిక్‌కు మారడం కన్నా అసలు పదార్థాన్నే మార్చుకోండి అంటాను.

గాజు, స్టీల్ మధ్య ఏది? హార్మోన్ల వరకు చూస్తే రెండూ మంచివే, తేడా వాడకంలోనే. మైక్రోవేవ్ వాడేవాళ్లకు గాజు తప్పదు, స్టీల్ అందులో పెట్టకూడదు. బయటికి తీసుకెళ్లడానికి, పిల్లల చేతికివ్వడానికి స్టీలే నయం. పుల్లటి పదార్థాలను స్టీల్‌లో చాలాసేపు ఉంచితే కొద్దిగా నికెల్ దిగుతుంది. నికెల్ అలర్జీ ఉన్నవాళ్లు వాటికి గాజు వాడుకోవాలి, మిగతావాళ్లకు అది పెద్ద సమస్య కాదు. అల్యూమినియం నీళ్ల సీసాలు చూడటానికి స్టీల్‌లా ఉంటాయి కానీ చాలావాటికి లోపల రసాయనపు పూత ఉంటుంది. స్టీల్ సీసాకు పూత అవసరం లేదు. గాజు డబ్బాకు ప్లాస్టిక్ మూత ఉంటే ఫర్వాలేదు, వేడి వంట మూతకు తగలకుండా పైన కాస్త ఖాళీ వదిలితే సరి. ఆవిరి చల్లారాక మూత పెట్టండి.

అన్నీ ఒక్కసారి మార్చడం కుదరదు. అప్పుడు డబ్బా అడుగున త్రికోణంలో ఉండే అంకె చూడండి. 3 అంటే పీవీసీ, దాన్ని మెత్తబరచడానికి థాలేట్లు కలుపుతారు. 6 అంటే పాలిస్టైరీన్, నురుగు కప్పులు ఇదే జాతి. 7 అంటే "ఇతరాలు", పాలికార్బొనేట్ ఇందులోకే వస్తుంది. ఈ మూడింటినీ తిండికి దూరంగా పెట్టండి. 2, 4, 5 కొంత నయం. 1 రకం, అంటే మామూలు నీళ్ల సీసా, ఒకసారి వాడి వదిలేయడానికి చేసినది. దాన్నే నెలల తరబడి నింపుకుంటూ ఉండకండి, ఎండలో కారులో వదలకండి. అంకె ఏదైనా సరే వేడి, నూనె, ఎక్కువసేపు నిల్వ ఈ మూడూ కలిసిన చోట ప్లాస్టిక్ వద్దు. పొడి పప్పులు, గింజలు నిల్వ ఉంచే డబ్బా గురించి నేనైతే టెన్షన్ పడను.

డబ్బా మీద "మైక్రోవేవ్‌లో పెట్టవచ్చు" అని రాసి ఉంటుంది. ఆ మాట ప్రధానంగా చెప్పేది డబ్బా ఆ వేడికి తట్టుకుంటుందని. అందులోంచి ఏమీ బయటికి రాదని అర్థం చేసుకోకండి. పళ్లెంలోకో గాజు గిన్నెలోకో మార్చి వేడిచేయడానికి పట్టేది పది సెకన్లు.

నియమాలు కూడా ఇటే నడుస్తున్నాయి. ఐరోపా సంఘం 2011లో పాలసీసాల్లో బీపీఏ నిషేధించింది. 2023లో అక్కడి ఆహార భద్రతా సంస్థ రోజుకు తట్టుకోగల బీపీఏ పరిమితిని కిలో బరువుకు 4 మైక్రోగ్రాముల నుంచి 0.2 నానోగ్రాములకు తగ్గించింది. అంటే 20,000 రెట్లు. ఆ తర్వాత ఆహారానికి తగిలే వస్తువుల్లో బీపీఏను నిషేధించే నిర్ణయం 2024 డిసెంబరులో వచ్చింది. నిన్నటిదాకా "సురక్షితం" అన్న మోతాదు ఇంతలా మారిందంటే, నేటి "సురక్షితం" అన్న మాటను కూడా కాస్త జాగ్రత్తగానే తీసుకోవాలి.

టిన్ను డబ్బా ఆహారమా, తాజాదా?

ఇక్కడ నాకు సందేహమే లేదు. టిన్ను లోపల తుప్పు పట్టకుండా పూసే ఎపాక్సీ పూత బీపీఏతో చేసేది. 2011లో అచ్చైన ఒక హార్వర్డ్ అధ్యయనంలో 75 మంది ఐదు రోజులు రోజుకొకసారి టిన్ను సూప్, ఇంకో ఐదు రోజులు తాజా సూప్ తీసుకున్నారు. టిన్ను సూప్ రోజుల్లో మూత్రంలో బీపీఏ తాజా సూప్ రోజులకన్నా 1,000 శాతానికి పైగా ఎక్కువగా తేలింది. 2015లో కొరియా పరిశోధకులు 60 ఏళ్లు దాటినవాళ్లకు ఒకే సోయా పానీయాన్ని గాజు సీసాలోంచి, టిన్నులోంచి తాగించి చూశారు. టిన్నులోంచి తాగినప్పుడు బీపీఏ 1,600 శాతం దాకా ఎక్కువైంది, రక్తపోటు పై అంకె దాదాపు 4.5 పాయింట్లు పెరిగింది. అప్పటినుంచి చాలామంది తయారీదారులు పూత మార్చారు. అయినా తాజాది మొదటి ఎంపిక, ఫ్రీజర్‌లో గడ్డకట్టించినది రెండోది, గాజు సీసాలోది మూడోది, టిన్ను చివరిది.

2011లోనే శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఐదు కుటుంబాలకు, మొత్తం 20 మందికి, మూడు రోజులు ప్లాస్టిక్ తగలని తాజా భోజనం పెట్టారు. సగటున బీపీఏ 66 శాతం తగ్గింది, డీఈహెచ్‌పీ అనే థాలేట్ తాలూకు గుర్తులు సగానికి పైగా తగ్గాయి. మూడంటే మూడు రోజులు. నాకు ధైర్యమిచ్చిన అధ్యయనం ఇదే. వీళ్లేమీ ఇల్లు మార్చలేదు, ఊరు మార్చలేదు, తిండి తీరు మార్చారంతే.

పాలసీసా

తల్లిపాలు ఇచ్చే వీలుంటే పోలికే లేదు. తల్లిపాలలో కూడా ఈ రసాయనాలు జాడగా ఉంటాయన్న వార్తలు చదివి పాలు మాన్పించకండి. బిడ్డకు దానివల్ల కలిగే మేలు చాలా పెద్దది.

సీసా తప్పదన్నప్పుడు గాజు, స్టీల్, పాలిప్రొపిలీన్ ఈ మూడూ దొరుకుతాయి. బీపీఏ పోయాక వచ్చింది పాలిప్రొపిలీన్, అంటే 5వ రకం. 2020లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ వాళ్లు ఈ సీసాల్లో పాలపొడి కలిపే తీరును యథాతథంగా అనుకరించి చూస్తే, లీటరుకు 1.6 కోట్ల దాకా ప్లాస్టిక్ రేణువులు రాలాయి. నీళ్లు 25 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు లక్షల్లో ఉన్న లెక్క, 95 డిగ్రీలకు వెళ్లేసరికి కోట్లకు చేరింది. ఈ రేణువులు పసిపిల్లల ఒంట్లో ఏం చేస్తాయో ఇంకా పరిశోధిస్తున్నారు. అయినా తప్పించుకునే పద్ధతి సులువుగా ఉన్నప్పుడు ఆ ఫలితాల కోసం ఎదురుచూడటం ఎందుకు?

ఆ పద్ధతి ఇది. నీళ్లు స్టీల్ గిన్నెలో కాచండి. పాలపొడిలోని క్రిములు చావాలంటే నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకూడదు, కాబట్టి చల్లటి నీళ్లలో కలపకండి. ఆ వేడి నీళ్లలోనే గాజు లేదా స్టీల్ పాత్రలో పాలు కలిపి, బిడ్డ తాగేంత చల్లారాక సీసాలోకి పోయండి. సీసాను వేడినీళ్లలో మరిగించి శుభ్రం చేసినట్టయితే, కాచి చల్లార్చిన నీళ్లతో రెండు మూడుసార్లు తొలచండి. ప్లాస్టిక్ సీసాను గట్టిగా గిలక్కొట్టకండి. ఇలా చేస్తే ఖరీదైన సీసా లేకపోయినా చాలావరకు తప్పించుకోవచ్చు. మసకబారిన, గీతలు పడిన సీసాను మాత్రం పిల్లలకు వాడొద్దు.

పెనం

నాన్‌స్టిక్ గురించి భయం ఎక్కువ, అవగాహన తక్కువ. ఆ పూత పీటీఎఫ్ఈ అనే పదార్థం. అది దానికదే పెద్దగా చర్య జరపదు. అసలు దోషి దాని తయారీలో వాడిన పీఎఫ్ఓఏ, అది ముందు చెప్పిన పీఫాస్ కుటుంబంలోదే. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో ఒక ఫ్యాక్టరీ చుట్టుపక్కల నీళ్లలో అది కలిసిపోయింది. దాదాపు 69,000 మంది రక్తం, ఆరోగ్య వివరాలు సేకరించారు. వాటిని పరిశీలించిన నిపుణుల బృందం కిడ్నీ క్యాన్సర్, వృషణాల క్యాన్సర్, థైరాయిడ్ జబ్బు, పెద్దపేగు పుండ్లు, గర్భిణుల్లో రక్తపోటు, కొలెస్ట్రాల్ పెరగడం, ఈ ఆరింటికీ దానితో సంబంధం ఉండే అవకాశం ఎక్కువని తేల్చింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా ప్రకటించింది. ప్రమాదకర రసాయనాలను ఆపడానికి దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం కింద 2019లోనే దాన్ని తొలగించాల్సిన జాబితాలో చేర్చారు.

ఇప్పుడు "పీఎఫ్ఓఏ లేదు" అని రాసి ఉన్న పెనం మీద కూడా పీటీఎఫ్ఈ పూతే ఉండవచ్చు. తయారీలో పీఎఫ్ఓఏ బదులు అదే కుటుంబంలోని ఇంకో రసాయనం వాడి ఉండవచ్చు. బీపీఏ కథే మళ్లీ. వంట చేసేవాళ్లకు ముప్పు వచ్చేది ఖాళీ పెనం మంట మీద వదిలేసినప్పుడు. 260 డిగ్రీలు దాటితే పూత చెడటం మొదలవుతుంది, ఇంకా వేడెక్కితే వచ్చే పొగకు పంజరంలో పక్షులు చనిపోతాయి, మనుషులకు జ్వరం లాంటి లక్షణాలు వస్తాయి. ఉన్న పెనం బాగుంటే సన్నటి మంట మీద, చెక్క గరిటెతో వాడుకోండి. పూత లేచిపోయాక తీసేయండి. కొత్తది కొనేటప్పుడు ఇనుముకు నా ఓటు. కొద్దిగా ఇనుము వంటలో కలవడం చాలామందికి లాభమే, ఒంట్లో ఇనుము ఎక్కువయ్యే జబ్బు ఉన్నవాళ్లకు తప్ప. పుల్లటివి వండటానికి స్టీల్. సిరామిక్ పూత ఉన్న పెనంలో పీటీఎఫ్ఈ ఉండదు కానీ దాని నునుపు త్వరగా పోతుంది, ఎక్కువ రోజులు వస్తుందని ఆశించకండి.

ఒక మాట. పీఫాస్ మన ఒంట్లోకి ఎక్కువగా వచ్చేది పెనం నుంచి కాదు, నీళ్ల నుంచి, ఆహారం నుంచి. పెనం మార్చేసి నీళ్ల సంగతి వదిలేస్తే సగం పనే అయినట్టు.

నీళ్లు: కార్బన్ ఫిల్టరా, ఆర్ఓనా, సీసా నీళ్లా?

నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి, పీఫాస్ పోదు. నీరు ఆవిరైపోతుంది కాబట్టి ఇంకాస్త చిక్కబడుతుంది కూడా. 2020లో అమెరికాలో డ్యూక్, నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలు ఇళ్లలోని ఫిల్టర్లను పరీక్షించాయి. ఆర్ఓ, రెండు దశల ఫిల్టర్లు చాలా పీఫాస్‌లను 94 శాతం పైగా తీసేశాయి. మామూలు యాక్టివేటెడ్ కార్బన్ సగటున 73 శాతం తీసింది కానీ ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంది. కొన్నిచోట్ల అసలు పనిచేయలేదు.

దగ్గరలో పరిశ్రమలు, విమానాశ్రయాలు, అగ్నిమాపక శిక్షణ కేంద్రాలు ఉంటే, లేదా నీటి పరీక్షలో పీఫాస్ తేలితే ఆర్ఓ పెట్టుకోవడం మేలు. ఆర్ఓ నీళ్లు వృథా చేస్తుంది, ఖనిజాలనూ తీసేస్తుంది. కాబట్టి మిగతావాళ్లకు మంచి కార్బన్ ఫిల్టర్ చాలు, గడువుకు ముందే క్యాట్రిడ్జ్ మారిస్తేనే. నిండిపోయిన ఫిల్టర్ పట్టినదాన్ని తిరిగి వదలగలదు. సీసా నీళ్లకు నేను ఓటెయ్యను. 2024లో కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు లీటరు సీసా నీళ్లలో సగటున 2,40,000 ప్లాస్టిక్ రేణువులు లెక్కపెట్టారు. కుళాయి నీళ్లు తాగడానికి వీల్లేని చోట, ప్రమాద సమయాల్లో అది వేరే సంగతి.

ఒంటికి రాసుకునేవి

ఇక్కడ చూడాల్సిన మొదటి పదం "ఫ్రాగ్రెన్స్" లేదా "పర్ఫ్యూమ్". ఆ ఒక్క పదం వెనుక పదుల రసాయనాలు ఉండొచ్చు, వాసన నిలవడానికి కలిపే థాలేట్లు కూడా. "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ" అంటే వాసన కోసం ఏమీ కలపలేదని. "అన్‌సెంటెడ్" అంటే వాసన తెలియకుండా చేశారని, దాన్ని కప్పిపుచ్చడానికి ఇంకేదో కలిపి ఉండొచ్చు. రెండిట్లో మొదటిది తీసుకోండి.

2016లో వచ్చిన ఒక అధ్యయనంలో కాలిఫోర్నియాలో 100 మంది టీనేజ్ అమ్మాయిలు మూడు రోజులు థాలేట్లు, పారాబెన్లు, క్రిములను చంపే ట్రైక్లోసాన్, సన్‌స్క్రీన్లలో వాడే ఆక్సీబెంజోన్ లేవని లేబుల్ ఉన్న సరుకులే వాడారు. మిథైల్ పారాబెన్ 44 శాతం, ట్రైక్లోసాన్ 36 శాతం, ఒక థాలేట్ గుర్తు 27 శాతం తగ్గాయి. అయితే ఇంకో రెండు రకాల పారాబెన్లు కొద్దిగా పెరిగాయి. లేబుల్ చదవడం పనిచేస్తుంది, పూర్తిగా కాదు. అందుకే నేను మంచి సరుకు కోసం వెతకడం కన్నా సరుకుల సంఖ్య తగ్గించమంటాను. రోజూ తొమ్మిది రకాలు రాసుకునేవాళ్లు నాలుగుకు వస్తే, ఏ లేబుల్ చదవకుండానే చాలా తగ్గుతుంది. ఒంటి మీద ఉంచుకునే క్రీముల మీద శ్రద్ధ ఎక్కువ పెట్టండి, కడిగేసే సబ్బు, షాంపూల మీద కాస్త తక్కువైనా ఫర్వాలేదు.

"సహజం" అన్న మాటకు పడిపోకండి. లావెండర్ నూనె కలిసిన సరుకులు వాడిన కొందరు మగపిల్లల్లో రొమ్ములు పెరిగి, అవి మానేశాక తగ్గిన సంఘటనలు 2007లో ఒక వైద్య పత్రికలో అచ్చయ్యాయి. దానిమీద వాదోపవాదాలు ఉన్నాయి కానీ చిన్నపిల్లలకు రోజూ పూసేటప్పుడు గుర్తుంచుకోదగ్గ సంగతే.

సన్‌స్క్రీన్ మానేయకండి. ఆక్సీబెంజోన్ ఉన్నదానికి బదులు జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ ఉన్నది ఎంచుకోండి. తెల్లగా పూత కనబడుతుంది, అంతే నష్టం. క్రిములను చంపుతుందని చెప్పే ట్రైక్లోసాన్ సబ్బు మామూలు సబ్బు కన్నా మెరుగని కంపెనీలు నిరూపించలేకపోవడంతో 2016లో అమెరికా దాన్ని చేతులు కడిగే సబ్బుల్లోంచి తీసేయించింది. మామూలు సబ్బు చాలు.

చిన్న చిన్నవి

దుకాణంలో ఇచ్చే బిల్లు కాగితాన్ని గోరుతో గట్టిగా గీయండి. నల్లటి గీత పడితే అది థర్మల్ కాగితం, దాని మీద బీపీఏ లేదా బీపీఎస్ పొడిలా ఉండే అవకాశం ఉంది. శానిటైజర్ లేదా క్రీము రాసుకున్న తడి చేత్తో పట్టుకుంటే అది చర్మంలోకి ఇంకా ఎక్కువగా దిగుతుంది. వీలైతే బిల్లు ఫోన్‌కు పంపమనండి, పిల్లల చేతికి ఆడుకోవడానికి ఇవ్వకండి. రోజంతా బిల్లులు చింపి ఇచ్చే ఉద్యోగులకే అసలు ముప్పు, వాళ్లకు గ్లవ్స్ ఇవ్వాల్సిన బాధ్యత యజమానిది.

ఇంట్లో దుమ్ములో మంట అంటుకోకుండా సోఫాల్లో కలిపే రసాయనాలు, వినైల్ నేల నుంచి వచ్చే థాలేట్లు చేరతాయి. పొడి చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడవండి. పాకే పిల్లలకు తిండికి ముందు చేతులు కడగండి.

పురుగుమందుల్లో కూడా హార్మోన్లను చెదరగొట్టేవి ఉన్నాయి. సేంద్రియ పంట కొనగలిగితే మంచిదే, కొనలేకపోతే కూరగాయలూ పళ్లూ తగ్గించుకోకండి. ఆ నష్టం పెద్దది. వంటసోడా కలిపిన నీళ్లలో పన్నెండు, పదిహేను నిమిషాలు నానబెట్టి కడిగితే పైనున్న కొన్ని మందులు బాగా పోతాయని 2017లో ఆపిల్ పళ్ల మీద చేసిన ప్రయోగంలో తేలింది. లోపలికి ఇంకినవి పోవు.

అన్నీ చేయలేకపోతే

గర్భం కోసం చూస్తున్నవాళ్లు, గర్భిణులు, మూడేళ్లలోపు పిల్లలున్న ఇళ్లు ఈ క్రమంలో వెళ్లండి. ముందు వేడి ఆహారాన్ని ప్లాస్టిక్ నుంచి తప్పించండి. తర్వాత టిన్ను ఆహారం తగ్గించండి. మూడోది నీళ్ల పరీక్ష, ఫిల్టర్. నాలుగోది సువాసన సరుకులు. పెనం ఆ తర్వాత. వేరే ఎవరైనా సరే మొదటి రెండూ చేస్తే చాలావరకు వచ్చేసినట్టే. బరువు పెరగడం, షుగర్, సంతాన సమస్యలు, థైరాయిడ్ లాంటి వాటికి కారణాలు చాలా ఉంటాయి. డబ్బా మార్చినంత మాత్రాన మందులు ఆపకండి, డాక్టరు చెప్పిన పరీక్షలు మానకండి. "ఒంట్లో విషాలు కడిగేస్తుంది" అని అమ్మే పొడులు, పానీయాలకు డబ్బు పోయకండి. బీపీఏని బయటికి పంపే పని కాలేయం, మూత్రపిండాలు రోజూ చేస్తూనే ఉన్నాయి, వాటికి కావలసిందల్లా కొత్తది రాకపోవడం.

మన చేతిలో లేనిది చాలా ఉందన్నది కూడా నిజం. గాలిలో, నీళ్లలో కలిసేదాన్ని ఏ గాజు డబ్బా ఆపలేదు. పాలసీసాల్లో బీపీఏ పోయింది, పీఎఫ్ఓఏ జాబితాకెక్కింది అంటే అది చట్టాల వల్ల, వాటికోసం ఏళ్ల తరబడి పట్టుబట్టినవాళ్ల వల్ల. ఒక్కొక్క రసాయనాన్నీ కాకుండా కుటుంబం మొత్తాన్నీ కలిపి నియంత్రించాలన్న వాళ్ల కోరిక న్యాయమైనది. మీ దగ్గర అలాంటి చర్చ జరిగినప్పుడు మీ గొంతు కలపండి.

ఇక ఇంట్లో మిగిలిన ప్లాస్టిక్ డబ్బాలు. అన్నీ ఒకేరోజు చెత్తలో పారేస్తే అవి నేలలోకి, నీళ్లలోకి చేరి మళ్లీ మన దగ్గరికే వస్తాయి. తిండికి వాడటం ఆపి ఇంకో పనికి పెట్టుకోండి. పసుపు ఛాయ పట్టిన నా డబ్బా ఇప్పుడు అల్మారాలో గుండీలు, దారపు ఉండలతో నిండి ఉంది.